తెగిన పోగు కలుపుకుంటూ: చెదిరే మనసును పని మీద, మనుషుల మీద నిలిపే పద్ధతి

మా బాపు వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. బడి నుంచి రాగానే నేను మగ్గం పక్కన కూర్చుని చూసేవాణ్ణి. నేస్తుండగా పడుగులో ఒక పోగు తెగేది. రోజుకు ఎన్నిసార్లు తెగేదో లెక్కే ఉండేది కాదు. తెగగానే బాపు చేయి ఆగేది. రెండు కొసలూ వెతికి పట్టుకునేవాడు. చిన్న దారం ముక్క కలిపి ముడి వేసి, ఆ ముడిని బొటనవేలితో ఒకసారి నిమిరి, మళ్లీ పంజ (పోగులను దగ్గరికి నొక్కే దువ్వెన లాంటి పనిముట్టు) అందుకునేవాడు. విసుక్కోవడం నేనెప్పుడూ చూడలేదు. "తెగకుండ ఎట్లుంటది బిడ్డా, దారమే కదా" అనేవాడు.

ఆ మాట నాకు అర్థం కావడానికి ముప్పై ఏళ్లు పట్టింది. నేను హన్మకొండలో వ్యాపారుల లెక్కలు చూస్తాను. వాళ్లలో ఎక్కువ మంది ఎనుమాముల మార్కెట్ అడ్తిదారులు, అంటే రైతుల పంట అమ్మిపెట్టే కమీషన్ వ్యాపారులు. రెండేళ్ల కింద ఒక నెల 20వ తేదీన, జీఎస్టీ రిటర్న్‌కు ఆఖరి రోజు, ఒకాయన లెక్క ఎక్కిస్తూ మధ్యలో వాట్సాప్ తెరిచాను. బంధువుల గ్రూపులో పెళ్లి ఫొటోలు వచ్చాయి. రెండు నిమిషాలే కదా అనుకున్నాను. తిరిగి వచ్చి, ఒక వరుస వదిలేసి దాని కింది వరుస నుంచి మొదలుపెట్టాను. ఆ తప్పు బయటపడేసరికి ఆయన వడ్డీ కట్టాల్సి వచ్చింది. ఆ డబ్బు నేనే ఇచ్చాను. "పోనీ తియ్ తమ్మీ" అని ఆయన అన్న తీరు మాత్రం ఇప్పటికీ మనసులో ఉంది.

అదే వారం ఒక రాత్రి నా కూతురు బడిలో జరిగిందేదో చెబుతోంది. నేను ఊఁ కొడుతున్నాను, కళ్లు ఫోన్‌లో ఉన్నాయి. కాసేపటికి చెప్పడం ఆపేసి లేచి వెళ్లింది. అలిగి ఉంటే బుజ్జగించేవాణ్ణి. అలగలేదు, నేను వినకపోవడం తనకు అలవాటైపోయింది. వడ్డీ కట్టినప్పటి కంటే ఆ రాత్రి నాకు ఎక్కువ భయం వేసింది.

ఆ తర్వాత చదివి, చేసి చూసి, నాకు పనికొచ్చినవి వరుసగా రాస్తున్నాను. మొత్తం రెండు వారాల పని. ఒక చిన్న నోటుబుక్కు, పెన్ను, బల్ల మీద పెట్టుకునే అలారం గడియారం ఉంటే చాలు. అసలు చెదరని మనసును తయారుచేసుకోవడం ఇందులో లేదు. చెదిరిందని తొందరగా తెలుసుకుని వెనక్కి తెచ్చుకోవడం ఉంది.

మొదటి మూడు రోజులు: చూడడం మాత్రమే

ఈ మూడు రోజులూ ఏదీ మార్చకండి. యాప్‌లు తీసేయకండి, ఒట్లు పెట్టుకోకండి. నోటుబుక్కు పక్కన పెట్టుకుని, చేయి ఫోన్ మీదికి పోయిన ప్రతిసారీ ఒక్క వరుస రాయండి. ఎప్పుడు పోయింది, అప్పుడు ఏం చేస్తున్నారు, ఫోన్‌లో ఏం చూశారు. నా మొదటి రోజు పేజీలో నాలుగు వరుసలు ఇలా ఉన్నాయి:

10.12 – కొనుగోళ్ల మొత్తం కలవలేదు – వాట్సాప్
10.31 – ఏమీ లేదు, ఊరికే చేయి పోయింది
11.05 – కాల్ వచ్చింది, మాట్లాడి పెట్టేశాక ఇన్‌స్టాగ్రామ్
11.40 – మళ్లీ అదే లెక్క – క్రికెట్ స్కోరు

మూడు రోజులయ్యాక పేజీలన్నీ ఒకేసారి చదివితే నా సంగతి నాకు తెలిసింది. ఫోన్ మోగినందుకు చూసిన సార్ల కంటే, అది మోగకుండానే నేను తీసి చూసినవి ఎక్కువ. అదీ లెక్క ముడిపడ్డ చోటే. పని కష్టమైన క్షణంలో చేయి తప్పించుకునే దారి వెతుకుతోంది. కొందరికి విసుగు వచ్చినప్పుడు అలా అవుతుంది, కొందరికి ఇంట్లో మాట పట్టింపు వచ్చిన వెంటనే. మీది ఏదో మీ పేజీలే చెబుతాయి. మందు దాన్ని బట్టే ఉంటుంది కాబట్టి ఈ మూడు రోజులను దాటేయకండి.

మన ఒక్కరికే ఈ జబ్బు అని కుంగిపోవాల్సిన పని లేదు. అమెరికాలో ఇర్వైన్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యురాలు గ్లోరియా మార్క్, ఆఫీసుల్లో మనుషులు పని చేసే తీరును ఏళ్ల తరబడి కొలిచారు. 2004లో ఒక తెర మీద చూపు సగటున రెండున్నర నిమిషాలు నిలిచేది. 2012 నాటికి అది 75 సెకన్లకు పడిపోయింది. ఆ తర్వాతి కొలతల్లో 47 సెకన్ల దగ్గరికి వచ్చింది. పనికి అడ్డం పడేవాటిలో దాదాపు సగం మనంతట మనం తెచ్చుకున్నవేనని కూడా ఆమె చెప్పారు. నా నోటుబుక్కు కూడా అదే చెప్పింది.

చేత్తో రాయడం కుదరని వాళ్లు ఆండ్రాయిడ్ ఫోన్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ తెరిచి చూడవచ్చు. రోజుకు ఎన్నిసార్లు ఫోన్ తెరిచారో అంకె కనిపిస్తుంది. అయితే ఎందుకు తెరిచారో అది చెప్పదు. అందుకే నేను నోటుబుక్కునే నమ్ముతాను.

నాలుగో రోజు: ఫోన్‌కు ఒక చోటు

గట్టి మనసు ఉంటే చాలు, ఫోన్ పక్కనున్నా ఏం కాదు అనేవాళ్లున్నారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన అడ్రియన్ వార్డ్ బృందం 2017లో అచ్చు వేసిన పరిశోధనలో కొందరు ఫోన్‌ను బల్ల మీద, కొందరు సంచిలో లేదా జేబులో, కొందరు వేరే గదిలో పెట్టి పరీక్ష రాశారు. ఫోన్లన్నీ సైలెంట్‌లోనే ఉన్నాయి. బల్ల మీద పెట్టుకున్న వాళ్ల కంటే వేరే గదిలో వదిలిన వాళ్లు మెరుగ్గా చేశారు. తర్వాత ఇలాంటి పరీక్షలు చేసిన అందరికీ అంత స్పష్టమైన తేడా కనిపించలేదు. అయినా ఖర్చు లేని పని కాబట్టి చేసి చూడమంటాను. నా మటుకు నాకు తేడా మొదటి రోజే తెలిసింది.

ఇంట్లో ఫోన్‌కు ఒక చోటు పెట్టండి. మా ఇంట్లో అది హాల్లో ఫ్రిజ్ మీద. ఛార్జింగ్ కూడా అక్కడే. పడకగదిలోకి ఫోన్ రాదు. పొద్దున లేవడానికి అలారం కావాలి కదా అంటారు, అందుకే మొదట్లోనే గడియారం కొనమన్నాను.

ఇక నోటిఫికేషన్లు. సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్ తెరిచి యాప్‌లన్నీ వరుసగా చూడండి. ఒక్కో యాప్ దగ్గర ఒకటే ప్రశ్న: ఇది ఇప్పటికిప్పుడు తెలియకపోతే నాకు నష్టమా? కాల్స్, బ్యాంకు మెసేజ్‌లు, ఓటీపీలు ఉంచండి. షాపింగ్, వార్తలు, ఆటలు, వీడియోల నోటిఫికేషన్లు ఆపేయండి. వాట్సాప్ గ్రూపులను 'ఆల్వేస్' అని మ్యూట్ చేసి ఆర్కైవ్‌లో పడేయండి. కాలనీ గ్రూపు, చుట్టాల గ్రూపు, గుడ్ మార్నింగ్ పూలు వచ్చే గ్రూపు, అన్నీ. గ్రూపు వదిలి వెళ్తే చుట్టాలు బాధపడతారు. మ్యూట్ చేస్తే ఎవరికీ తెలియదు. సాయంత్రం పది నిమిషాలు కూర్చుని అన్నీ ఒకేసారి చూసుకోవచ్చు.

ఇక్కడ చాలామంది ఆగిపోయేది ఒకే భయం దగ్గర. ఊళ్లో ముసలి తల్లిదండ్రులు ఉన్నారు, అర్జెంటుగా ఫోన్ చేస్తే ఎలా? దీనికి ఫోన్‌లోనే దారి ఉంది. డు నాట్ డిస్టర్బ్ పెట్టి, ఇంట్లోవాళ్ల నంబర్లకు మాత్రం మోగే అనుమతి ఇవ్వండి. రిపీట్ కాలర్స్ (ఐఫోన్‌లో రిపీటెడ్ కాల్స్) అనే మీట కూడా నొక్కి ఉంచండి. అప్పుడు ఒకే నంబరు నుంచి వెంటవెంటనే రెండోసారి కాల్ వస్తే ఫోన్ మోగుతుంది. ఆండ్రాయిడ్‌లో 15 నిమిషాల లోపు, ఐఫోన్‌లో 3 నిమిషాల లోపు రెండోసారి చేయాలి. "ఎత్తకపోతే వెంటనే ఇంకోసారి చెయ్యి బాపూ" అని మా వాళ్లకు చెప్పి పెట్టాను. ఆ రోజు నుంచి ఫోన్ పక్క గదిలో ఉన్నా నాకు టెన్షన్ లేదు.

రీల్స్ లాంటివి మానలేకపోతే, తప్పంతా మీదేనని తిట్టుకోకండి. కింది అంచు రాకుండా జారుతూనే ఉండే తెరను 2006లో రూపొందించిన ఏజా రాస్కిన్ తర్వాత బహిరంగంగా పశ్చాత్తాపపడ్డారు. పుస్తకంలో పేజీ అయిపోతుంది, గిన్నెలో అన్నం అయిపోతుంది, అక్కడ ఆగుతాం. దానికి ఆగే చోటే లేదు. కాబట్టి ఆ చోటు మీరే పెట్టాలి. ఆ యాప్‌ను ఫోన్‌లోంచి తీసేసి, చూడాలనిపించినప్పుడు కంప్యూటర్లో చూడండి. అదీ కుదరకపోతే తెరను నలుపు తెలుపు చేయండి. రంగులు పోయాక చూడాలనే ఆశ కొంత తగ్గుతుంది.

ఐదో రోజు నుంచి: ఒక చీటీ, ఒక పని

పని మొదలుపెట్టే ముందు ఒక చీటీ మీద ఇప్పుడు చేయబోయేది రాయండి. ఎలా రాస్తారన్నదే అసలు విషయం. 'జీఎస్టీ' అని రాస్తే మనసుకు పట్టు దొరకదు, ఎక్కడ పట్టుకోవాలో తెలియక పక్కకు జారుతుంది. 'మార్చి కొనుగోళ్ల బిల్లులు 1 నుంచి 40 దాకా కలపడం' అని రాస్తే చేయి నేరుగా బిల్లుల మీదికి పోతుంది. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు 'పాలిటీ' అని రాస్తారు. దాని బదులు 'ప్రాథమిక హక్కులు, 14 నుంచి 18 అధికరణాలు, చూడకుండా రాయడం' అని రాసుకోండి.

గడియారం పెట్టుకోండి. ఇటలీకి చెందిన ఫ్రాన్సెస్కో సిరిల్లో 1980లలో కాలేజీ విద్యార్థిగా ఉన్నప్పుడు, చదువు మీద మనసు నిలవక, టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్‌తో చదవడం మొదలుపెట్టారు. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం అనే పద్ధతి దాంట్లోంచే వచ్చింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు 25 కూడా ఎక్కువే. 15తో మొదలుపెట్టండి, రెండో వారంలో 25కు పెంచండి. పని బాగా సాగుతుంటే గంట మోగిందని ఆపక్కర్లేదు.

చీటీ పక్కన ఇంకో ఖాళీ కాగితం ఉండాలి. పనిలో కూర్చోగానే గ్యాస్ బుక్ చేయాలని, బిడ్డ ఫీజు కట్టాలని, మేనత్తకు ఫోన్ చేయాలని గుర్తొస్తాయి. వాటిని తరిమితే మళ్లీ మళ్లీ వస్తాయి. ఆ కాగితం మీద రెండు మాటలు రాసి, ఎప్పుడు చేస్తారో కూడా రాయండి: 'గ్యాస్ – అన్నం తిన్నాక'. మాసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2011లో దీన్నే పరీక్షించి చూశారు. మిగిలిపోయిన పని బుర్రలో తిరుగుతూనే ఉంటుంది, కానీ ఎప్పుడు ఎలా చేయాలో తేల్చుకుంటే ఆ పని ఇంకా పూర్తి కాకపోయినా గోల సద్దుమణుగుతుంది.

విరామంలో ఫోన్ వద్దు. లేచి మంచినీళ్లు తాగండి, కిటికీలోంచి చూడండి, మెట్లు దిగి ఎక్కండి. అంతే.

పోగు తెగినప్పుడు

ఇంత చేసినా పోగు తెగుతుంది. తలుపు కొడతారు, కరెంటు పోతుంది, లేదా ఏ కారణం లేకుండానే మనసు ఎటో పోతుంది. పరిశోధకురాలు సోఫీ లెరాయ్ 2009లో చూపించిన దాని ప్రకారం, ఒక పని మధ్యలో వదిలి ఇంకో దానికి మారినప్పుడు మనసులో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుంది. రెండో పని ఆ మేరకు దెబ్బతింటుంది. ఆగిపోయిన పనిని మళ్లీ అందుకోవడానికి సగటున 23 నిమిషాలు దాటుతోందని గ్లోరియా మార్క్ బృందం కొలిచింది. మధ్యలో మనిషి ఇంకో రెండు పనుల్లో పడి తిరిగి వస్తాడు కాబట్టి అంత సేపు.

దీనికి నేను నేర్చుకున్న ముడి ఇది. ఎంత అర్జెంటుగా లేవాల్సి వచ్చినా, లేచే ముందు చీటీ మీద ఒక్క వరుస రాస్తాను: ఎక్కడ ఆగాను, తర్వాత ఏం చేయాలి. '27వ బిల్లు అయింది. 28లో హమాలీ ఖర్చు చూడాలి.' పది సెకన్ల పని. తిరిగి వచ్చి కూర్చోగానే తెగిన కొస చేతికి దొరుకుతుంది. ఆ 20వ తేదీన ఈ ఒక్క వరుస రాసి ఉంటే ఆ అడ్తిదారు వడ్డీ కట్టేవాడు కాదు.

మనసు దానంతట అదే పోయినప్పుడు ఇంకొక పద్ధతి. పోయిందని తెలిసిన క్షణంలో 'పోయింది' అని మనసులో ఒకసారి అనుకోండి. ఎందుకు పోయింది, నేనెప్పుడూ ఇంతే, అనే ఆలోచన మొదలుపెట్టకండి, అది ఇంకో పోగు తెంపుతుంది. చూపుడు వేలు చీటీ మీది వరుస మీద పెట్టి, దాన్ని పైకి చదివి, చేయి పని మీదికి తీసుకెళ్లండి. మొదట్లో పదిహేను నిమిషాల్లో ఏడెనిమిది సార్లు ఇలా చేయాల్సి వస్తుంది. ఏడెనిమిది ముడులు పడ్డాయంటే అన్నిసార్లు తిరిగి వచ్చారన్నమాట.

మనుషులు పిలిచినప్పుడు

మనుషుల్ని మ్యూట్ చేయలేం, చేయకూడదు కూడా. ముందే చెప్పి పెట్టుకోవాలి. నా దగ్గరికి వచ్చే అడ్తిదారులు పొద్దున మార్కెట్లో జెండా పాట (పంటకు ధర పలికే వేలం), కాంటాల హడావిడిలో ఉంటారు. మిర్చి సీజన్లో అయితే మధ్యాహ్నం దాకా ఊపిరి సలపదు. కాబట్టి పొద్దుటి పూట నేను లెక్కలకు పెట్టుకున్నాను, నాలుగు నుంచి ఆరు దాకా ఫోన్లకు. అందరికీ ఒక్కటే మాట చెప్పాను: "అన్నా, నాలుగు తర్వాత నేనే చేస్త, కూసొని మాట్లాడుకుందాం." చెప్పినట్టు నాలుగింటికి నిజంగా చేయాలి. రెండు సార్లు తప్పితే మూడోసారి మనిషి పది గంటలకే తలుపు కొడతాడు.

ఇంట్లో పని చేసేవాళ్లకు ఇది ఇంకా కష్టం. మా ఇంట్లో గుర్తు ఏంటంటే, బల్ల మీద గడియారం నడుస్తుంటే మాట్లాడించరు, గంట మోగాక ఏదైనా అడగొచ్చు. నా భార్య కుట్టు మిషన్ మీద కూర్చున్నప్పుడు ఆమెకూ అదే గడియారం, అదే నియమం. ఒకరికి మాత్రమే ఉంటే అది దొరతనం అవుతుంది.

పని లేనప్పుడు

పనిలో మనసు నిలిస్తే సరిపోదు. నా కూతురు చెప్పడం ఆపేసింది నేను పని చేస్తున్నప్పుడు కాదు, ఖాళీగా ఉన్నప్పుడు. హార్వర్డ్‌కు చెందిన కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ 2010లో 2,250 మందిని వాళ్ల ఫోన్ల ద్వారానే రోజులో అప్పుడప్పుడూ అడిగి చూశారు. మేలుకుని ఉన్న సమయంలో దాదాపు 47 శాతం, మనసు చేస్తున్న పని మీద లేదు. అలా లేనప్పుడు వాళ్ల సంతోషం కూడా తగ్గింది.

రెండో వారంలో రోజుకు ఒక పూట తీసుకోండి. మాకది రాత్రి భోజనం. అందరి ఫోన్లూ ఫ్రిజ్ మీద, టీవీ బంద్. మొదటి రెండు రోజులు ఏం మాట్లాడాలో తెలియలేదు. మూడో రోజు నా బిడ్డ మళ్లీ మొదలుపెట్టింది. వినేటప్పుడు నేను చేసేది ఒక్కటే, తను చెప్పిన దాంట్లోంచే ఇంకో ప్రశ్న అడగడం. "ఆ పిల్ల అట్ల అన్నంక నువ్వేమన్నవ్?" వినకపోతే ఆ ప్రశ్న పుట్టదు.

వారానికి ఒకసారి చూపుకు సాధన. మేం హన్మకొండలో వేయిస్తంభాల గుడికి వెళ్తాం. కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి. వచ్చినవాళ్లలో చాలామంది నిలబడి ఫొటో తీసుకుని పోతారు. మీరు ఒక్క స్తంభం ఎంచుకుని, ఫోన్ తీయకుండా పది నిమిషాలు దాని ముందు నిలబడండి. ముందు కింది నుంచి పైదాకా చూడండి. తర్వాత వెనక్కి తిరిగి, చూసింది మనసులో గీసుకోండి. రాతి మీద కట్టులాంటి వలయాలు ఎన్ని ఉన్నాయి, నునుపు ఎక్కడుంది, గరుకు ఎక్కడుంది. మళ్లీ తిరిగి చూడండి. మొదటిసారి నాకు సగం కూడా గుర్తు లేదు. మూడోసారి తిరిగినప్పుడు, అద్దంలా నునుపుగా ఉన్న చోట మా ఇద్దరి నీడలూ కనిపించాయి. నా బిడ్డే ముందు చూసింది. రామప్ప దాకా పోగలిగితే అక్కడ శిల్పాల ముందు ఇంకా మంచిది. మీ ఊళ్లో చెరువు కట్ట ఉంటే అదీ చాలు.

శ్వాస మీద ధ్యానం చేసేవాళ్లు పొద్దున పది నిమిషాలు అది చేయండి. మనసు పోతుంది, తెచ్చుకుంటారు, మళ్లీ పోతుంది. పనిలో వేసే ముడే ఇక్కడా.

నిద్ర, ఒంటి సంగతి

నిద్ర చాలకపోతే పైన రాసినవేవీ పని చేయవు. ఫోన్ హాల్లో ఉంటే సగం సమస్య దానంతట అదే తీరుతుంది. రాత్రి పదకొండు దాకా వీడియోలు చూసి పొద్దున మనసు నిలవడం లేదంటే గడియారం ఏం చేస్తుంది?

ఒక విషయం గట్టిగా చెప్పాలి. చిన్నప్పటి నుంచీ ఏ పని మీదా కుదురు లేకపోయినా, వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, దిగులు వదలకపోయినా దాన్ని బద్ధకం అనుకోకండి. పిల్లలను అలా తిట్టకండి. మానసిక వైద్యుణ్ణి కలవండి. ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ ఉంది, నంబరు 14416. ఉచితం, రోజంతా పని చేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

పదిహేనో రోజు

నోటుబుక్కు మళ్లీ తీసి ఇంకో మూడు రోజులు మొదట్లో లాగే రాయండి. పాత పేజీ పక్కన కొత్త పేజీ పెట్టి చదవండి. ఎన్నిసార్లు అన్న అంకె కంటే, ఏ చోట చేయి ఇంకా జారుతోందో చూడండి. నాకు కలవని లెక్క దగ్గర జారడం బాగా తగ్గింది. మాట్లాడి ఫోన్ పెట్టేశాక ఇంకోటి తెరవడం మాత్రం పోలేదు. కాబట్టి ఇప్పుడు కాల్ అయ్యాక ఫోన్ పట్టుకుని అక్కడే ఉండకుండా, నడిచి వెళ్లి ఫ్రిజ్ మీద పెట్టి వస్తున్నాను. ఊరెళ్లినప్పుడు, పెళ్లిళ్ల రోజుల్లో, రిటర్న్‌ల వారంలో అంతా చెదిరిపోతుంది. అప్పుడు మొత్తం మళ్లీ మొదలుపెట్టకండి. చీటీ ఒక్కటి రాయండి, మిగతావి దాని వెనక వస్తాయి.

పోయిన ఆదివారం కొత్తవాడ వెళ్లాం. ఫోన్ బండి డిక్కీలో వదిలేశాను. బాపు ఇప్పుడు నేయడం లేదు, చూపు ఆనదు. అటక మీది పాత పంజ దింపించి మనవరాలి చేతిలో పెట్టాడు. కిటికీకి రెండు పోగులు కట్టి, ఒకటి కావాలనే తెంపి, ముడి ఎలా వేయాలో చూపించాడు. తను వేసిన మొదటి ముడి ఊడిపోయింది. "మళ్ల వెయ్ బిడ్డా" అన్నాడు.